తుపాకీకి కొలతలు తీసిన మనిషి

పోయిన ఆదివారం మా ఇంట్లో విస్ఫోటనం జరిగింది. ఎవరిదో పెళ్ళికి బయల్దేరుతూ నల్ల ప్యాంటు తొడిగి, నమ్మకంగా ఊపిరి వదిలాను. నడుము దగ్గరి గుండీ తన పదవికి రాజీనామా చేసి, వంటగది దాటి, హాలు మీదుగా ఎగిరి, టీవీ కిందికి వెళ్ళి స్థిరపడింది. అదే వేగంతో ఎవరికైనా తగిలి ఉంటే కమ్మింగ్ ఊరి పోలీసులు మా వీధికి పసుపు టేపు కట్టి ఉండేవారు.

"మీ పాత రికార్డు సోఫా దాకే," అంది మా ఆవిడ. నవ్వుతూనే ప్యాంటు అందుకుని తిరగేసి చూసింది. అంతలో నవ్వు ఆపేసింది.

"ఇది మాస్టారు బిగించింది కదండీ. వెనక చూడండి, రెండంగుళాలు వదిలారు."

వెనక కుట్టు లోపల రెండంగుళాల నల్ల గుడ్డ బుద్ధిగా మడుచుకుని కూర్చుని ఉంది. నాలుగేళ్ళ కిందట దాని నడుము తగ్గించమని ఇచ్చినప్పుడు నేను డైటింగ్‌లో ఉన్నాను. అన్నం అనే పదార్థాన్ని ఇక ఫోటోల్లోనే చూస్తానని ఊరంతటికీ ప్రకటించి ఉన్నాను. "మిగిలింది కత్తిరించి పారేయండి మాస్టారూ, ఇక వెనక్కి వెళ్ళేది లేదు" అన్నాను. ఆయన నా మొహం చూశారు, పొట్ట చూశారు, "అట్టాగే బాబూ" అన్నారు. కత్తిరించలేదు.

ఆయన పోయి పది నెలలైంది.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. చీరాలలో టైలరును అందరూ పిలిచే పిలుపు అది. ఆయనతో పాటే విమానమెక్కి అమెరికాలోని ఈ జార్జియాకి వచ్చింది. ఇండియన్ గ్రాసరీకీ, గోళ్ళకు రంగులేసే షాపుకీ మధ్య, ఆ రెండూ కట్టగా మిగిలిపోయిన సందులాంటి చోట ఆయన ఆల్టరేషన్ షాపు. లోపల ఇద్దరుంటే ఒకరు ఊపిరి పీల్చినప్పుడు రెండోవారు వదలాలి. పెళ్ళిళ్ళ సీజన్లో అక్కడ పేరుకున్న బ్లౌజులు వరసగా పరిస్తే కాలు నేలకు ఆనకుండా అట్లాంటా దాకా నడిచి వెళ్ళిరావచ్చు.

మనిషి అయిదడుగుల రెండంగుళాలు. మెడలో ఎప్పుడూ టేపు. తెలుగు చర్చిలో వాక్యం చదివేటప్పుడు టేపు, గ్రాసరీలో వంకాయలు ఏరేటప్పుడు టేపు, అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు దిగిన ఫోటోలో కోటు మీద కూడా టేపు. అయితే ఆ టేపు అలంకారమేనని నా అనుమానం. కొలవాల్సిన పని కళ్ళే చేసేవి. మనం గుమ్మంలో అడుగు పెడితే చాలు, "ఎడం భుజం అరంగుళం దిగింది, ల్యాప్‌టాప్ బ్యాగు చెయ్యి మార్చు బాబూ" అనేవారు. మా ఆఫీసులో లేఆఫ్‌లు మొదలైన వారం నేనింకా నోరు తెరవకముందే, "భుజాలు ముందుకొచ్చినయ్యే. ఉద్యోగం ఉందా?" అని అడిగారు. మా హెచ్ఆర్ వాళ్ళకన్నా రెండు రోజులు ముందు.

ఆయనకు ఒకటే శాస్త్రం. "కొత్త గుడ్డని ఎంతైనా కత్తిరించు. మనిషి ఒంటి మీదికి ఎక్కిన గుడ్డకి మాత్రం కత్తెర తగలకూడదు. లోపలికి మడువు. మనిషన్నాక తగ్గుతాడు, మళ్ళీ పెరుగుతాడు. విప్పుకుంటాడు."

ఈ శాస్త్రం తుపాకీకి కూడా వర్తిస్తుందని నాకు ఒక ఫిబ్రవరి శనివారం పొద్దున తెలిసింది.

గరాజ్ తలుపు తీసి ఉంది. మాస్టారు ఒక చేతిలో పొడవాటి గుడ్డ సంచీ, చంకలో పొడవాటి అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. "వందనాలు బాబూ. నీ దగ్గర స్క్రూడ్రైవర్లు ఉన్నాయంటగా."

ఉన్నాయా అంటే, మా గరాజ్‌లోని పనిముట్లతో ఒక చిన్న విమానాశ్రయం కట్టవచ్చు. పదిహేనేళ్ళలో నేను కట్టింది మాత్రం ఒక చెప్పుల స్టాండు. అదీ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఇన్నాళ్ళకు నా పనిముట్లను వెతుక్కుంటూ ఒక మనిషి వచ్చాడన్న ఆనందంలో నూట నలభై ముక్కల పెట్టె తెరిచి పెట్టాను. ఆయన సంచీ జిప్పు తీశారు. లోపల రైఫిల్.

"మాస్టారూ, బ్లౌజు సరిగ్గా కుదరలేదని ఎవరైనా గొడవ పెట్టుకున్నారా?"

"ఊరుకో బాబూ. ఇది ట్వంటీ టూ."

తుపాకుల కుటుంబంలో ట్వంటీ టూ కడగొట్టు సంతానం. గుండు కందిగింజంత. పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ, మా ఆవిడ భోజనానికి లెమ్మని తట్టే దెబ్బలో సగం. వేటకోటు జిప్పులు బాగుచేయించుకునే ఒక అమెరికన్ పెద్దాయన ఊరు వదిలి వెళ్తూ, కాగితాలన్నీ సక్రమంగా రాసి దాన్ని మాస్టారికి ఇచ్చాడట. మాస్టారు కాదనలేకపోయారు. కారణం అడిగితే చీరాల తిరునాళ్ళ దాకా వెళ్ళారు.

"పద్దెనిమిదేళ్ళప్పుడు బాబూ. బెలూన్ల బోర్డు. పది దెబ్బలు కొట్టా, ఒక్క బెలూన్ పగల్లా. మీ ఆంటీ చూస్తా ఉంది. అప్పటికింకా ఆంటీ కాదు. వాళ్ళ అక్కతో కలిసి నవ్వింది."

"మరి పెళ్ళెలా చేసుకున్నారు?"

"నవ్విందిగా. అట్టా పరిచయం. కానీ బాబూ, తప్పు నాది కాదు. ఆ తుపాకీ ఆరడుగులోడి కొలత. నా భుజానికి ఎట్టా కుదురుద్ది?"

యాభై ఏళ్ళు దాచుకున్న అభియోగం. సుప్రీంకోర్టులో కేసులు కూడా అంతకన్నా త్వరగా తెములుతాయి.

రైఫిల్లో ఇనుప భాగం ప్రాణమైతే, దాన్ని మోస్తూ మన భుజానికి ఆనే చెక్క భాగం ఒళ్ళు. దాన్ని స్టాక్ అంటారు. ఈ రైఫిల్‌తో వచ్చిన స్టాక్ కూడా ఆరడుగుల వాడిదే. మాస్టారు భుజానికి ఆనించుకుంటే చెయ్యి ట్రిగ్గర్ అందుకోవడానికి బస్సు వెనక పరిగెత్తే ప్రయాణికుడిలా సాగుతోంది.

"ఒకటిన్నర అంగుళం కోసేద్దాం మాస్టారూ. నా దగ్గర మూడు రకాల రంపాలున్నాయి," అన్నాను ఉత్సాహంగా.

ఆయన నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నిండు పట్టుచీరతో కాళ్ళు తుడుచుకోబోతున్న వాణ్ణి చూసినట్టు చూశారు. "కోస్తే మళ్ళీ అతకదు," అని అట్టపెట్టె విప్పారు.

అందులో వేరే కంపెనీ వాళ్ళు చేసిన కొత్త స్టాక్ ఉంది. పొరలు పొరలుగా అతికించిన చెక్క, పట్టుకునే చోట సన్నటి గీతలు. గొప్పంతా దాని వెనక కొసలో ఉంది. భుజానికి ఆనే రబ్బరు మెత్త వెనక, పావంగుళం మందాన నాలుగు పలకలు. పొడుగు కావాలంటే పలక పెట్టి బిగించుకోవచ్చు, పొట్టి కావాలంటే తీసేయవచ్చు. దేన్నీ కొయ్యక్కర్లేదు.

"చూశావా," అన్నారు మాస్టారు. "దీన్ని చేసినోడు టైలరై ఉంటాడు."

ముందు తూటాల పెట్టె ఊడదీసి, గుండు కూర్చునే గది తెరిచి, అందులో చిటికెన వేలు పెట్టి తడిమారు. తర్వాత నన్ను చూడమన్నారు. "ఖాళీయేగా?" "ఖాళీయే." "ఇంకోసారి చూడు." గుండుసూదులు పీకకుండా చొక్కా ట్రయల్‌కి ఇవ్వని మనిషి మరి. నేను నూట నలభై పనిముట్ల ముందు శస్త్రచికిత్స వైద్యుడిలా నిలబడ్డాను. తీరా చూస్తే ఇనుపభాగాన్ని స్టాక్‌కి పట్టి ఉంచేవి ముందు ఒక పట్టీ, కింద ఒకే ఒక్క పెద్ద స్క్రూ. మిగతా నూట ముప్పై తొమ్మిది పనిముట్లూ చిన్నబోయాయి.

పాత స్టాక్ నుంచి ఇనుపభాగం పైకి లేచింది. కొత్తదాంట్లో కూర్చోబెట్టాం. నా దృష్టిలో పని అయిపోయింది. ఆయన దృష్టిలో మొదటి ట్రయల్ మొదలైంది. బ్లౌజు నమూనాలు గీసుకునే పల్చటి కాగితం జేబులోంచి తీసి, గొట్టానికీ చెక్కకీ మధ్య దూర్చి లాగారు. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"చంకలో పట్టేస్తా ఉంది," అన్నారు.

"తుపాకీకి చంకెక్కడ మాస్టారూ?"

"పట్టేసే చోటల్లా చంకే. గొట్టం చెక్కని ఎక్కడా ఆనకూడదంట. ఆనితే గుండు ఒక్కోసారి ఒక్కోచోటికి పోద్దంట. బిగుతు చొక్కా ఏసుకున్నోడు చెయ్యెత్తినట్టు."

అప్పుడు బట్టల మీద గీతలు గీసే సుద్దబిళ్ళ తీసి గొట్టం అడుగున దట్టంగా రాశారు. కూర్చోబెట్టి నొక్కి, మళ్ళీ లేపారు. చెక్క గాడిలో ఎక్కడ ఆనుతోందో అక్కడ తెల్లమచ్చ. ఆ మచ్చ మీద గరుకు కాగితంతో రుద్దాలి. గరుకు కాగితం చుట్టడానికి సరైన గుండ్రటి కర్ర నా విమానాశ్రయంలో లేదు. వంటింట్లోంచి చపాతీ కర్ర తెచ్చాను. మా ఆవిడకు ఈ సంగతి ఈ వ్యాసం చదివితేనే తెలుస్తుంది. ఆ వారమంతా చపాతీలు పళ్ళకింద కొంచెం కరకరలాడాయి, క్షమించు.

"మరి ఇది కొయ్యడం కాదా మాస్టారూ?" అని అడిగాను, శాస్త్రంలో బొక్క దొరికిందన్న సంబరంతో.

"ఇంకా ఒంటి మీదికి ఎక్కలా. కుట్టకముందు చేసేది ఇది." శాస్త్రం నిలబడింది.

సుద్ద, నొక్కు, లేపు, రుద్దు. ఏడు ట్రయల్స్. ఏడోసారి కాగితం ఆ చివర నుంచి ఈ చివరకు నున్నగా జారింది. ఆయన దాన్ని మూడుసార్లు అటూ ఇటూ ఆడించి, "ఇప్పుడు చెయ్యెత్తు," అన్నారు తుపాకీతో.

తర్వాత గురి చూసే భాగాలు. ముందున్న పాత గురిబొడిపెను ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో కొట్టి పక్కకు జరిపి తీశారు. ఇత్తడైతే ఇనుము మీద గీత పడదట. అంతే మెల్లగా కొత్తది ఎక్కించారు. వెనక పాత గాడిగుర్తు స్థానంలో చిన్న రింగు వచ్చింది. దాని నడుమ సన్నటి రంధ్రం. ఆ రంధ్రంలోంచి ముందరి బొడిపెను చూడాలి. నేను చూసి, నా కళ్ళద్దాల పవర్ మారిందని నిర్ధారించుకుని, ఆయనకిచ్చాను. ఆయన కన్ను పెట్టగానే మొహం విచ్చుకుంది.

"ఇది నాకు తెలిసిన చోటే బాబూ. సూది బెజ్జం. యాభై ఏళ్ళుగా ఇందులోంచే గదా లోకాన్ని చూస్తా ఉంది."

చివరగా పలకలు. మోచెయ్యి మడిచి, మడత లోపల నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా టేపు పెట్టించుకున్నారు. టేపు నిజంగా పనిచేయడం నేను చూసింది ఆ రోజే. మూడు పలకలు సరిపోయాయి. నాలుగోది మిగిలింది. అంతటితో ఆగక నా చెయ్యి కూడా లాగి కొలిచారు. "నాలుగూ ఏస్తే నీకు సరిపోద్ది. ఎప్పుడన్నా నువ్వూ కాల్చుకోవచ్చు." వారం తర్వాత చూస్తే, రైఫిల్ పెట్టుకునే గుడ్డ సంచీ లోపల చిన్న జేబు ప్రత్యక్షమైంది. కాజా, గుండీ సహా. అందులో నాలుగో పలక, దానికి కావలసిన పొడుగు స్క్రూలు. గుండీ చొక్కాలది కాదు, సూటుది. నిత్యపూజలందుకునే దేవుడికి కూడా అంత మంచి అర ఉండదు.

ఊరి బయట గురి సాధన చేసుకునే మైదానానికి మొదటిసారి వెళ్ళినప్పుడు చీరాల పరువు నా కళ్ళముందే పోయింది. పాతిక గజాల దూరంలో కాగితపు లక్ష్యం. మూడు కాల్చారు. మూడూ ఎడమకు పడ్డాయి. అందరూ కాల్పులు ఆపే విరామంలో వెళ్ళి కాగితం తెచ్చుకున్నారు, బల్ల మీద పెట్టుకుని దీర్ఘంగా పరిశీలించారు, రింగు స్క్రూ తిప్పారు. తర్వాతి మూడూ ఇంకా ఎడమకు. మళ్ళీ పరిశీలన, మళ్ళీ తిప్పుడు. మూడో విడతలో ఒక గుండు మా కాగితం మీదే లేదు.

ఎడమ పక్క బల్ల దగ్గర నిక్కరు పట్టీలు భుజాలకు తగిలించుకున్న అమెరికన్ తాత ఉన్నాడు. ఆయన తన కాగితం తెచ్చుకుని వేలుపెట్టి లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. "పది కాల్చాను. పదకొండు చిల్లులున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "అందులో నట్టనడుమ పడ్డది నాది కాదు."

అప్పుడు నేను మాస్టారి బల్ల వైపు చూశాను. కాగితం బోర్లా పడి ఉంది. ప్రతిసారీ ఆయన దాన్ని తిరగేసి, వెనక వైపు నుంచి చూసి, కుడి ఎడమలు నిర్ణయిస్తున్నారు. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు తిరగేయడమే యాభై ఏళ్ళ అలవాటు. సుద్ద గీత లోపలి వైపునే గీస్తారు. కుట్టు సంగతి లోపలి వైపే తెలుస్తుంది. చెప్పగానే ఆయన తల పట్టుకున్నారు. తాత మాత్రం తన కాగితం తీసి అందరికీ చూపించుకున్నాడు. ఆ ఏడాదిలో అతని మంచి స్కోరు అదేనట.

రింగు కుడికి తిప్పాక మూడు గుళ్ళూ ఒకే చోట పడ్డాయి. మాస్టారు ఎగిరి గంతేయలేదు. మెడలోంచి టేపు తీసి చిల్లుకీ చిల్లుకీ మధ్య కొలిచారు.

"ముప్పావంగుళం," అన్నారు. "ఆంటీకి చెప్పు బాబూ. నేను చెప్తే నమ్మదు."

ఇక్కడిదాకా నాకు నవ్వుతూ రాయడం వచ్చింది.

ఏప్రిల్లో గరాజ్‌కి వచ్చి, "ఒక పలక తీయి బాబూ," అన్నారు. తీశాను. జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నారు. జూన్‌లో మళ్ళీ వచ్చారు. జార్జియాలో జూన్ అంటే కారు బానెట్ మీద దోసెలు పోసుకునే కాలం. ఆయన ఉన్ని కోటు వేసుకుని వచ్చారు. తన పెళ్ళికి తానే కుట్టుకున్న నీలం కోటు అది, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప బయటికి తీయనిది.

"ఇంకోటి తీయి. కోటు ఏసుకుంటే భుజం మందమవుద్ది గదా. తుపాకీ పొట్టిగుండాలి."

"అయితే కోటు తీసేయండి మాస్టారూ, పలక ఉంచుకోవచ్చు," అని పకపకా నవ్వాను. ఎన్ని డిగ్రీలుందో ఫోన్లో తీసి మరీ చూపించాను. ఆయనా నవ్వారు. ఆ కోటు ఆయనకు భుజాల దగ్గర ఎప్పటిలాగే అతికినట్టు కుదిరింది. మనిషి తగ్గితే కోటు వదులవాలి కదా. వదులవలేదు. లోపల ఎప్పటికప్పుడు బిగించుకుంటున్నారని, మనుషుల భుజాలు చూసి ఉద్యోగాలు చెప్పగలిగిన ఆయన్ని ఎదురుగా పెట్టుకుని, నాకు తట్టలేదు. నేను చూసింది థర్మామీటరు.

ఆగస్టులో మైదానంలో రైఫిల్ ఎత్తి, సగంలో బల్ల మీద దించేశారు. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ దించారు. పక్కన తాత తన తుపాకీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు, అప్పటికే తుడిచిందాన్ని.

"బరువు ముందుకు లాగుతా ఉంది," అన్నారు మాస్టారు. "ఆ ఆఖరి పలక తీసెయ్యి."

స్క్రూడ్రైవర్ తీశాను. ఎప్పటిలాగే ఏదో అనబోయాను. "మాస్టారూ, ఇంకా తీస్తే ఇది పిస్తోలు అయిపోతుంది" అన్నది నోటిదాకా వచ్చింది. ఆయన చెయ్యి చూశాను. బల్ల అంచు పట్టుకుని ఉంది. చొక్కా కఫ్ గుండీ ఒక అంగుళం లోపలికి జరిపి కుట్టి ఉంది.

"ఏమైంది మాస్టారూ?"

"కాలేయం బాబూ. చలికాలం నుంచి. ఆంటీకి తెలుసు, ప్లేనోలో ఉన్న మా అమ్మాయికి తెలుసు. నువ్వు మూడో మనిషివి."

"చర్చిలో చెప్పలేదా?"

"చెప్తే ప్రార్థన లిస్టులో ఎక్కిస్తారు. మంచిదే. కానీ లిస్టులో ఎక్కినోడికి బ్లౌజులెవరిస్తారు? పాపం మాస్టారిని ఇబ్బంది పెట్టొద్దంటారు. పని లేకపోతే నేనెట్టా ఉండాలి? చెప్పమాక."

"చెప్పను. డాక్టర్లు ఏమంటున్నారు?"

"వాళ్ళు కత్తెర మనుషులు. నేను మాత్రం దేన్నీ కత్తిరించలా బాబూ. కోటు నాలుగుసార్లు బిగించా, గుడ్డంతా లోపలే ఉంది. ఇందులో పలకలన్నీ జేబులో ఉన్నయ్. ఒంట్లో చలి తగ్గితే ఒక్కొక్కటే విప్పుకుంటా."

ఆ రోజు ఆయన ఒకే ఒక్క గుండు కాల్చారు. ఎక్కడ పడిందో వెళ్ళి చూడలేదు. కారెక్కాక నా వైపు తిరిగి, "ఆ ల్యాప్‌టాప్ బ్యాగు ఇంకా అదే భుజాన మోస్తన్నావు," అన్నారు.

నవంబర్లో ఆంటీ ఫోన్ చేశారు. ఆయన పోయిన మర్నాడు. "బాబూ, నువ్వొకసారి ఫ్యునరల్ హోమ్‌కి రా. నీ దగ్గర సన్న పనిముట్లు ఉంటయ్ గదా, తీసుకురా."

అంత్యక్రియలకు మనిషిని సిద్ధం చేసే ఆ చోటికి వెళ్ళేసరికి ఆంటీ ఒడిలో నీలం కోటుతో కూర్చుని ఉన్నారు. అమ్మాయి విమానం ఇంకా దిగలేదు. అక్కడి ఉద్యోగి, మెత్తటి గొంతు మనిషి, నాకు వివరించాడు. ఆఖరి వారాల్లో ఒంట్లో నీరు చేరి పొట్ట, ఛాతీ ఉబ్బిపోయాయి. కోటు పట్టడం లేదు. ఇలాంటప్పుడు వెనకవైపు నిలువునా కత్తిరించి ముందు నుంచి కప్పుతారు. మామూలు పద్ధతే. పడుకోబెట్టాక ఎవరికీ కనపడదు.

"ఎవరికీ కనపడదంటున్నాడు ఆంటీ."

"ఆయనకి కనపడుద్ది," అన్నారు ఆంటీ.

ఆ ఉద్యోగిని ఒక గంట సమయం అడిగాను. సరేనన్నాడు. ఆంటీ సంచీలోంచి మాస్టారి కుట్లు విప్పే పరికరం తీసిచ్చారు, చిటికెనవేలంత పిడికి చీలిన కొన. "నువ్వు విప్పు." నూట నలభై పనిముట్లు మోసుకెళ్ళాను. మళ్ళీ ఒక్కదానితోనే పని.

కోటు తిరగేశాను. ఆయన ఎందుకు ప్రతిదీ తిరగేసి చూసేవారో అప్పుడు అర్థమైంది. వెనక, పక్కల, అస్తరు కింద, ఒకదాని లోపల ఒకటిగా నాలుగు వరసల కుట్లు. అసలు కుట్టు, పెళ్ళినాటిది, ముట్టుకోకుండా అలాగే ఉంది. దాని లోపల మొదటి వరస, స్కేలు పెట్టి గీసినట్టు. రెండోదీ అంతే. మూడోది మధ్యలో ఒకచోట తప్పి మళ్ళీ దారిలో పడింది. నాలుగోది చేతి కుట్టు. నేను కుట్టినట్టుంది. పొడుగొకటి, పొట్టొకటి, తాగినవాడి నడకలా. యాభై ఏళ్ళుగా వేలమందిని సరిగ్గా నిలబెట్టిన మనిషి కుట్టు అది.

లోపలి నుంచి మొదలుపెట్టాను. నాలుగో వరస సులువుగా ఊడింది. రెండో వరస దగ్గర రెండుసార్లు బొటనవేలు గుచ్చుకున్నాను. రక్తం గుడ్డకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని విప్పాను. ఆంటీ పక్కన కూర్చుని ఊడిన దారపు ముక్కలు ఒక్కొక్కటే ఏరి చేతిరుమాల్లో వేసుకున్నారు. మధ్యలో ఒకసారి ఆంటీ, "ముప్పావంగుళం నిజమేనా?" అని అడిగారు.

"నిజమే ఆంటీ. నేను చూశాను."

చివరి వరస ఊడగానే మడతలన్నీ వదులై కోటు ఒళ్ళు విరుచుకుంది. లోపల దాక్కున్న గుడ్డంతా బయటికి వచ్చింది. మడతలు పడిన చోట నాలుగు గీతలు మిగిలాయి. ఉద్యోగి దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళాడు. కాసేపటికి వచ్చి మమ్మల్ని పిలిచాడు.

కోటు పట్టింది. నడుమ గుండీ కూడా పడింది. ఆంటీ దగ్గరికి వెళ్ళి, భుజం దగ్గర లేని ముడతను అరచేత్తో సర్దారు.

"విప్పుకుంటానన్నారుగా," అన్నారు ఆయనతోనే. "విప్పుకున్నారు."

వేసవిలో ఆంటీ రైఫిల్ నాకిచ్చారు, కాగితాలు రాసి. సంచీ లోపలి జేబు గుండీ తీస్తే నాలుగు పలకలు, పొడుగు స్క్రూలు, నూలుపోగు కూడా తగ్గకుండా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచేద్దామని మూడు నెలలు ఆలోచించాను. పొట్టి రైఫిల్ నా భుజానికి ఆనిస్తే ముక్కు నా బొటనవేలికి తగులుతోంది. అయినా సరే అలాగే ఉండనిద్దామనిపించింది. ఆదివారం నా ప్యాంటు లోపల ఆ రెండంగుళాలు కనిపించాక ఇక ఆగలేదు. మా ఆవిడ ప్యాంటు కుట్లు విప్పుతుంటే నేను గరాజ్‌లోకి వెళ్ళి నాలుగు పలకలూ వేసి బిగించాను. గొట్టం కింద కాగితం దూర్చి లాగాను. నున్నగా జారింది.

నిన్న మైదానానికి వెళ్ళాను. అదే బల్ల. పక్కన అదే తాత, అవే నిక్కరు పట్టీలు. "టేపు పెద్దమనిషి రాలేదా?" అని అడిగాడు. చెప్పాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఎవరి తుపాకీ వాళ్ళం ఎత్తుకున్నాం.

బెజ్జంలోంచి చూశాను. తొమ్మిది గుళ్ళు నా కాగితం మీద కాల్చాను. పదోదానికి రైఫిల్ కొద్దిగా ఎడమకు తిప్పాను.

విరామంలో తాత తన కాగితం తెచ్చుకుని బల్ల మీద పరిచాడు. వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నా వైపు చూడలేదు. చిల్లులు లోపలికి వచ్చేలా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.